మూడు నిమిషాల్లో ఒక ఊరు



ఈ పూట కొన్ని పాత పాటల కబుర్లు చెప్పుకుందాం. అమెరికాలో అపలాచియన్ కొండలని ఉన్నాయి. ఆ కొండల మధ్య పల్లెల్లో రైతులు, బొగ్గుగని కార్మికులు, నూలుమిల్లు కూలీలు పాడుకున్న పాటలివి. ఒక ఫిడేలు, ఒక బాంజో, ఒక గిటారు, ఒక మనిషి గొంతు. అంతే సరంజామా. ఇవాళ లోకమంతా కంట్రీ మ్యూజిక్ అంటున్న సంగీతానికి వేళ్లు అక్కడే ఉన్నాయి.

ఒక్క మాట మొదటే చెబుతాను. మధ్యలో మళ్లీ చెబుతాను. ఈ పాటలు రికార్డు మీదకు ఎక్కేనాటికే పాతవి. పాడినవాళ్లకే అవి జ్ఞాపకాలు. అమ్మ పాడుతుంటే విన్నవి. తాత ఫిడేలు మీద వాయిస్తుంటే విన్నవి. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే ఆ పాత రికార్డుల గరగరల వెనక ఏముందో మనకూ వినిపిస్తుంది.

ఇక బ్రిస్టల్ అనే ఊరికి వెళదాం. చిత్రమైన ఊరది. పెద్దబజారు నడిమధ్య నుంచి రెండు రాష్ట్రాల సరిహద్దు పోతుంది. వీధికి ఈ పక్క టెనెసీ, ఆ పక్క వర్జీనియా. 1927 జూలై నెలాఖరులో ఆ వీధిలో, టెనెసీ వైపున, ఒకప్పుడు టోపీల కంపెనీ నడిచిన భవనంలో కొందరు సామాన్లు దించారు. శబ్దం గదంతా మోగకుండా గోడలకు దుప్పట్లు కట్టారు. ఒక మైకు నిలబెట్టారు. పక్కనే మైనపు పలక మీద పాటను గీతగా చెక్కే యంత్రం పెట్టారు.

వచ్చినాయన పేరు రాల్ఫ్ పీర్. విక్టర్ గ్రామఫోను కంపెనీ తరఫున వచ్చాడు. పల్లెటూరి పాటలు కావాలి ఆయనకు. ఎందుకంటే నాలుగేళ్ల ముందు, 1923లో, అట్లాంటా నగరంలో ఒక వింత జరిగింది. జాన్ కార్సన్ అనే ఫిడేలు వాయిద్యగాడి చేత పాడించి రికార్డు చెయ్యమని పీర్‌ని అడిగాడు ఒక ఫర్నిచర్ కొట్టు మనిషి. ఫర్నిచర్ కొట్టుకీ పాటకీ ఏమిటి సంబంధం అంటారా? ఆ రోజుల్లో గ్రామఫోను అంటే చెక్క బీరువా లాంటి సామానే. కుర్చీలు, మంచాలు అమ్మే కొట్లోనే అదీ అమ్మేవారు. పెట్టె కొన్నవాడికి పాట కూడా కావాలి కదా. కార్సన్ మొరటు గొంతు పీర్‌కి ఏమాత్రం నచ్చలేదు. కానీ కొట్టు మనిషి 500 రికార్డులు అడిగి తీసుకున్నాడు. చూస్తుండగానే అమ్ముడయ్యాయి.

తమ గొంతు లాంటి గొంతు ఆ పెట్టెలోంచి రావడం జనం అంతవరకు వినలేదు. అదీ అసలు సంగతి.

బ్రిస్టల్‌లో మొదట పెద్దగా ఎవరూ రాలేదు. అప్పుడు స్థానిక పత్రికలో ఒక వార్త పడింది. ఎర్నెస్ట్ స్టోన్‌మన్ అనే పాటగాడు అంతకుముందు ఏడాది పాటల మీద 3,600 డాలర్లు సంపాదించాడని ఆ వార్త. కొండల్లో చాలామంది కళ్లచూడని డబ్బది. అంతే, బస్సుల్లో, గుర్రాల మీద, కాలినడకన జనం కదిలారు.

అలా వచ్చినవాళ్లలో ఒక కుటుంబం ఉంది. కార్టర్ కుటుంబం. ఏ.పి. కార్టర్, ఆయన భార్య సారా, ఏ.పి. తమ్ముడి భార్య మేబెల్. మేబెల్ సారాకి పినతల్లి పెదతల్లి వరస చెల్లెలు కూడా. అప్పటికి మేబెల్‌కి 18 ఏళ్లు. నిండు గర్భిణి. సారా ఒడిలో పాలు తాగే పసివాడు. వాణ్ణి చూసుకోవడానికి ఎనిమిదేళ్ల పెద్దకూతురు. తమ్ముడి కారు అడిగి తీసుకున్నారు. ఊరికే ఇవ్వలేదట తమ్ముడు. తిరిగొచ్చాక తన మొక్కజొన్న చేలో కలుపు తియ్యాలని మాట తీసుకున్నాడట. కొండదారి, వేసవి ఎండ, టైర్లు పంక్చర్లు. పాతిక మైళ్ల దూరానికి రోజంతా పట్టింది.

ఈ దంపతులు మొదట కలిసిన తీరు కూడా చెప్పాలి. ఏ.పి. పండ్ల మొక్కలు అమ్ముకుంటూ ఊళ్లు తిరిగేవాడు. కొండ అవతల ఒక ఇంటి దగ్గర ఒక అమ్మాయి ఒళ్లో తీగల పెట్టె పెట్టుకుని పాడుతూ కనిపించింది. ఒక రైలు ప్రమాదం గురించిన పాట. ఆ పెట్టె ఆటోహార్ప్. ఆ అమ్మాయి సారా. ఆ గొంతు లోతైనది, గంభీరమైనది. ఏడుపు పాట పాడుతున్నా ఏడవదు. కథ చెప్పి ఊరుకుంటుంది. నా మటుకు నాకు, బాధను ఇంత నిబ్బరంగా పాడిన గొంతు మరొకటి వినలేదు.

మేబెల్ గిటారు సంగతి వేరే చెప్పాలి. అప్పటిదాకా పల్లెల్లో గిటారు అంటే పాట వెనక తాళం కోసం గీకేది. ఈ పద్దెనిమిదేళ్ల పిల్ల దాన్ని తిరగేసింది. బొటనవేలితో కింది శ్రుతి తీగల మీద పాట వరస పలికిస్తుంది. అదే సమయంలో చూపుడువేలితో పై శ్రుతి తీగల మీద తాళం వేస్తుంది. ఒకే మనిషి వీణా, మృదంగమూ వాయిస్తున్నట్టు ఉంటుంది. ఆ పద్ధతిని ఇవాళ్టికీ కార్టర్ స్క్రాచ్ అని పిలుస్తారు. గిటారు నేర్చుకునేవాళ్లు అమెరికాలో ఇప్పటికీ దాంతో కుస్తీ పడుతుంటారు.

ఇక ఏ.పి. మరీ విచిత్రం. పాట మధ్యలో తోచినప్పుడు గొంతు కలుపుతాడు, లేదంటే ఊరుకుంటాడు. రికార్డుల్లో కూడా అంతే. ఉన్నట్టుండి ఒక మగగొంతు వచ్చి చేరుతుంది, మళ్లీ మాయమవుతుంది. ఇంట్లో పాడుకుంటున్నట్టే ఉంటుంది. దాన్ని ఎవరూ సరిదిద్దకపోవడం మన అదృష్టం.

రెండు రోజుల్లో ఆరు పాటలు రికార్డు చేసి ఆ కుటుంబం ఇంటికి వెళ్లిపోయింది.

ఇప్పుడు మొదట అన్న మాట మళ్లీ చెబుతున్నాను. ఆ పాటలు రికార్డు మీదకు ఎక్కేనాటికే పాతవి. కొన్ని స్కాట్లాండ్ నుంచి, ఇంగ్లండ్ నుంచి వలస వచ్చినవాళ్లు నోటితో మోసుకొచ్చిన కథాగేయాలు. కొన్ని చర్చి పాటలు. బాంజో చూడండి. అది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల జ్ఞాపకంలోంచి పుట్టిన వాద్యం. సొరకాయ బుర్రకు తోలు బిగించి చేసుకునేవారు మొదట్లో. ఫిడేలు తెల్లవాళ్లది, బాంజో నల్లవాళ్లది. రెండూ కలిసి ఒకే అరుగు మీద కూర్చున్నాయి.

వైల్డ్‌వుడ్ ఫ్లవర్ అని ఒక పాట ఉంది. 1928లో కార్టర్లు పాడారు. ప్రేమించినవాడు వదిలిపోయిన ఒక అమ్మాయి పాట. అసలది 1860 ప్రాంతంలో పట్నాల్లో, పియానో ఉన్న ఇళ్లలో పాడుకునేందుకు అచ్చు వేసిన పాట. కొండల్లోకి వచ్చింది. నోటి నుంచి నోటికి మారింది. అరవై డెబ్బై ఏళ్లు గడిచేసరికి కొన్ని మాటలు అరిగిపోయి, ఏమిటో ఎవరికీ తెలియకుండా పోయాయి. సారా వాటిని దిద్దలేదు. తన చెవికి ఎలా అందాయో అలాగే పాడింది. పుస్తకం దగ్గరున్న మనిషి అలా పాడదు. అమ్మలక్కల దగ్గర విని నేర్చుకున్న మనిషే అలా పాడుతుంది.

రికార్డుకి ఒక ఇబ్బంది ఉంది. ఒక పక్క పట్టేది మూడు నిమిషాలు, కొంచెం అటూ ఇటూ. పొయ్యి దగ్గర కూర్చుని ఇరవై చరణాలు పాడుకునే కథని మూడు నిమిషాల్లోకి కుదించాలి. ఎన్నో చరణాలు అక్కడే రాలిపోయాయి. కానీ మిగిలినవి గట్టి చరణాలు. ఆ మూడు నిమిషాల్లో ఒక నది, ఒక రైలు, ఒక తల్లి, ఒక సమాధి. ఒక ఊరంతా ఇమిడిపోయింది.

ఎవరు కొన్నారు వాటిని? ఊరు వదిలి వెళ్లినవాళ్లు కొన్నారు. ఆ రోజుల్లో కొండపల్లెల నుంచి జనం నూలుమిల్లులకి, బొగ్గుగనులకి, పెద్ద పట్నాల కార్ఖానాలకి తరలిపోతున్నారు. కంపెనీ ఇంట్లో కాపురం, కంపెనీ కూత వేస్తే లేవడం. అలాంటి ఇంట్లో ఆదివారం నాడు ఆ పెట్టెలోంచి సారా గొంతు వచ్చిందంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. వదిలి వచ్చిన వాకిలి గురించిన పాట. అమ్మ గురించిన పాట. నాకు ఆ ఊళ్లు తెలియవు, ఆ చర్చి తెలియదు. అయినా సారా గొంతు మొదటిసారి విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది మా ఇంటి వెనక తిరగలి ముందు కూర్చున్న అమ్మమ్మ. ఆమే అంతే. గొంతు పెంచకుండా, కన్నీరు పెట్టకుండా, సీత కష్టాలన్నీ పాడేసేది.

ఇప్పుడు మీకు ఒక మనిషి పేరు చెప్పాలి. ఈ ప్రసంగంలో ఒక్క పేరే గుర్తుంచుకుంటానంటే ఈ పేరు గుర్తుంచుకోండి. లెస్లీ రిడిల్.

నల్లజాతి యువకుడు. టెనెసీలో కింగ్స్‌పోర్ట్ అనే ఊళ్లో ఉండేవాడు. సిమెంటు కర్మాగారంలో ప్రమాదం జరిగి ఒక కాలు పోయింది. గిటారు అద్భుతంగా వాయించేవాడు. రికార్డులు అమ్ముడుపోవడంతో కార్టర్లకు కొత్త పాటలు కావాల్సి వచ్చాయి. ఏ.పి. పాటల వేటకు బయలుదేరాడు. వెంట రిడిల్‌ని తీసుకెళ్లాడు. ఇద్దరూ కొండదారులు పట్టి ఇల్లిల్లూ తిరిగారు. ఎవరికి ఏ పాట వస్తే ఆ పాట పాడమని అడిగారు.

పని ఎలా పంచుకున్నారో చూడండి. ఏ.పి. మాటలు కాగితం మీద రాసుకుంటాడు. వరస? వరస ఎక్కడ రాస్తారు? టేప్ రికార్డర్లు లేవు. ఆ వరసని రిడిల్ మనసులో పెట్టుకుంటాడు. ఒకసారి వింటే చాలు. ఇంటికొచ్చి గిటారు మీద వాయించి సారాకీ మేబెల్‌కీ వినిపిస్తాడు. కొన్ని పాటలు ఆయనే నేర్పాడు. ఆయన గిటారు వాయించే తీరు చూసి మేబెల్ కూడా నేర్చుకుంది.

రికార్డుల మీద మాత్రం ఆయన పేరు లేదు. కంపెనీలు నల్లవాళ్ల పాటలకు ఒక జాబితా, తెల్లవాళ్ల పాటలకు వేరే జాబితా పెట్టి అమ్మేవి. ఒకే కొండల్లో, ఒకే వరసలు, ఒకే గిటారు. అమ్మే దగ్గర మాత్రం గోడ. 1960లలో మైక్ సీగర్ అనే సంగీతకారుడు వెతుక్కుంటూ వెళ్లి రిడిల్‌ని కలిసి, ఆయన చేత పాడించి రికార్డు చేశాడు. అప్పటికి ఆయన న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్‌లో ఉన్నాడు. కార్టర్ కుటుంబం ఆ తర్వాత పాడిన ఎన్నో పాటల్లో మనం రిడిల్ జ్ఞాపకశక్తిని కూడా వింటున్నాం. ఇది అలంకారానికి అంటున్న మాట కాదు. జరిగిన పనే అది.

బ్రిస్టల్‌లో అదే వారం ఇంకో మనిషి పాడాడు. జిమ్మీ రోజర్స్. రైళ్లలో బ్రేకులు వేసే పని చేసినవాడు. క్షయరోగి. ఒక బృందంతో కలిసి వచ్చాడు గానీ, పేరు విషయంలో తగవు వచ్చి వాళ్లు విడిపోయారు. ఒక్కడే గిటారు పట్టుకుని రెండు పాటలు పాడాడు. మధ్యలో గొంతు విరిచి పైకి ఎగరేసి కూతలా తీసే యోడెల్ ఆయన గుర్తు. ఆరేళ్లలోనే వెళ్లిపోయాడు. చివరి రికార్డింగు న్యూయార్క్‌లో. పాటకీ పాటకీ మధ్య మంచం మీద పడుకుని ఊపిరి తీసుకుని లేచి పాడాడు. రెండు రోజులకి, 1933 మే 26న, కన్నుమూశాడు. 35 ఏళ్లు.

ఆ గొంతు ఎక్కడెక్కడికి వెళ్లిందో వింటే ఆశ్చర్యం వేస్తుంది. 1950లో హ్యూ ట్రేసీ అనే ఆయన ఆఫ్రికా పాటలు సేకరిస్తూ కెన్యా వెళ్లాడు. అక్కడ కిప్సిగిస్ తెగ ఆడపిల్లలు ఒక పాట పాడి వినిపించారు. ఆ పాటలో ఒక వింతజీవి ఉన్నాడు. సగం మనిషి, సగం జింక. తమతో ఆడమని ఆ పిల్లలు అతణ్ణి పిలుస్తున్నారు. ఎవరా జీవి అంటే, జిమ్మీ రోజర్సే! గ్రామఫోనులో ఆయన పాటలు విని, ఇలాంటి గొంతున్నవాడు మనిషి ఒక్కడే అయ్యుండడు అనుకున్నారు కాబోలు. మన వైపు కూడా ఒక కొస ఉంది. హిందీ పాటల్లో కిషోర్ కుమార్ యోడెల్ విని మురిసిపోయాం కదా మనమంతా. వాళ్ల అన్న అనూప్ కుమార్ దగ్గరున్న జిమ్మీ రోజర్స్ రికార్డులు విని కిషోర్ అది పట్టుకున్నాడని సంగీతం గురించి రాసేవాళ్లు చెబుతుంటారు.

రేడియోలో కూర్చుని రేడియో గురించి చెప్పకపోతే ఎలా? ఆ కొండల్లో చాలా ఇళ్లకు కరెంటు లేదు. బ్యాటరీ రేడియోలు. వారమంతా బ్యాటరీ దాచుకుని శనివారం రాత్రి పెట్టేవారు. చుట్టుపక్కలవాళ్లంతా ఆ ఇంటికి చేరేవారు. ఎందుకంటే శనివారం రాత్రి నాష్‌విల్ నుంచి పల్లెపాటల కార్యక్రమం వస్తుంది. 1925 నవంబరులో 77 ఏళ్ల ఫిడేలు తాత జిమ్మీ థాంప్సన్‌తో మొదలైన కార్యక్రమం అది. తర్వాత గ్రాండ్ ఓల్ ఓప్రీ అని పేరు వచ్చింది. ఇవాళ్టికీ నడుస్తోంది. తొలినాళ్లలో అక్కడ జనం ఎదురుచూసినవాళ్లలో డిఫర్డ్ బెయిలీ ఒకడు. నల్లజాతి కళాకారుడు. మౌతార్గాన్ మీద రైలుబండి మొత్తాన్ని దింపేసేవాడు. దూరంగా కూత, దగ్గరకొచ్చే చప్పుడు, వెళ్లిపోయే చప్పుడు. ఊరూరా కచేరీలకు వెళితే, తోటివాళ్లు దిగిన హోటల్లో ఆయనకు గది ఇచ్చేవారు కాదు. రేడియోలో మాత్రం ఆ రైలు అందరి ఇళ్లలోకీ వెళ్లింది.

ఇక సారా దగ్గరికి మళ్లీ రావాలి. ఆమె కథ రేడియోలోనే మలుపు తిరిగింది.

ఏ.పి. పాటల కోసం వారాల తరబడి తిరిగేవాడు. ఇల్లు, పిల్లలు, పొలం సారా మీద పడ్డాయి. ఆ రోజుల్లో ఏ.పి. బంధువు కోయ్ బేస్‌తో ఆమె మనసు కలిసింది. తెలిసిపోయింది. కోయ్ కుటుంబం దేశం ఆ చివర కాలిఫోర్నియాకి వెళ్లిపోయింది. సారా రాసిన ఉత్తరాలు అతనికి చేరలేదంటారు. సారా, ఏ.పి. విడాకులు తీసుకున్నారు. కానీ బృందం విడిపోలేదు. పాట మాత్రం కలిసే పాడారు. అదెంత కష్టమో మీరే ఊహించుకోండి.

1938 చివర్లో వాళ్లకు టెక్సాస్ సరిహద్దులో రేడియో ఉద్యోగం దొరికింది. నదికి అవతల, మెక్సికో నేల మీద, ఎక్స్ఈఆర్ఏ అనే స్టేషను. అమెరికాలో స్టేషన్లకు మామూలుగా 50,000 వాట్లకు మించి అనుమతి లేదు. దీని శక్తి 5,00,000 వాట్లు. రాత్రిపూట ఖండమంతా వినిపించేది. టానిక్కులు, తలకు వేసుకునే రంగులు అమ్ముకునే కంపెనీవాళ్లు ఖర్చు పెట్టేవారు. మధ్యలో పాటలు.

1939 మొదట్లో ఒక రాత్రి సారా మైకు ముందు నిలబడి ఒక మాట చెప్పింది. ఈ పాట కాలిఫోర్నియాలో ఉన్న కోయ్ బేస్ కోసం అంది. నీలికళ్లవాణ్ణి తలచుకునే పాట, తాము ఎన్నో ఏళ్లుగా పాడుతున్న పాట పాడింది. ఏ.పి. ఆ బృందంలోనే ఉన్నాడు. కాలిఫోర్నియాలో కోయ్ ఇంటివాళ్లు విన్నారు. కోయ్ బయలుదేరి టెక్సాస్ వచ్చాడు. ఆ ఫిబ్రవరిలోనే ఇద్దరికీ పెళ్లయింది.

ఆమెది తప్పా ఒప్పా అని నేను తూకం వెయ్యను. ఏ.పి. ఆ తర్వాత మళ్లీ పెళ్లి చేసుకోలేదు. నేను చెప్పేది పాట సంగతి. ఆ పాట ఆమె రాసింది కాదు. ఎవరో, ఎప్పుడో, ఎవరినో తలచుకుని పాడుకున్నది. దాన్ని సారా తీసుకుని తన సొంత కబురు పంపింది. పాత పాటతో ఆ సౌకర్యం ఉంది. మన మాట అందులో పెట్టుకోవచ్చు. ఎవరూ కాదనరు.

ఇంకొక్క మనిషి కథ చెప్పి ముగిస్తాను. మిసిసిపీ రాష్ట్రంలో జాన్ హర్ట్ అని ఒక నల్లజాతి రైతు. మెత్తటి గొంతు, వేళ్లలో గొప్ప పనితనం. పొరుగున ఉన్న విల్లీ నార్మర్ అనే తెల్లజాతి ఫిడేలు వాయిద్యగాడు ఆయన గురించి కంపెనీకి చెప్పాడు. 1928లో కొన్ని పాటలు రికార్డు చేశారు. ఆ వెంటనే ఆర్థిక మాంద్యం వచ్చింది. రికార్డులు కొనేవాళ్లు లేరు. హర్ట్ మళ్లీ పొలం పనులకి, పశువుల దగ్గరికి వెళ్లిపోయాడు. ముప్పై ఐదేళ్లు ఎవరూ పలకరించలేదు.

1952లో హ్యారీ స్మిత్ అనే సేకర్త తన దగ్గరున్న పాత రికార్డుల్లోంచి 84 పాటలు ఏరి పెద్ద సంకలనం తెచ్చాడు. అందులో కార్టర్లు ఉన్నారు, హర్ట్ కూడా ఉన్నాడు. పట్నం కుర్రకారు ఆ సంకలనం విని వెర్రెత్తిపోయింది. వాళ్లలో టామ్ హాస్కిన్స్ అనే యువకుడు హర్ట్ పాడిన మరో పాట ఒకటి విన్నాడు. అందులో ఆయన తన సొంతూరు పేరు చెప్పుకున్నాడు. ఆవలాన్. కొత్త మ్యాపుల్లో ఆ ఊరు కనబడలేదు. పాత అట్లాసులో వెతికితే దొరికింది. 1963లో వెళ్లి అడిగితే, అదిగో ఆ ఇల్లేనని చూపించారు. హర్ట్ ఉన్నాడు. వేళ్లలో ఆ పాటలన్నీ అలాగే ఉన్నాయి. ఆ ఎండాకాలమే న్యూపోర్ట్ ఉత్సవంలో వేలమంది ముందు పాడాడు. ఇంకో మూడేళ్లు, 1966లో చనిపోయేదాకా, ఊరూరా పాడాడు. ఎప్పుడో సొంతూరు గుర్తొచ్చి పాడుకున్న పాట, ముప్పై ఐదేళ్ల తర్వాత జనాన్ని ఆ ఊరికే నడిపించుకొచ్చింది.

ఈ పాటలన్నీ ఇప్పుడు మీ ఫోన్లోనే దొరుకుతాయి. మొదట కార్టర్ కుటుంబం పాడిన వైల్డ్‌వుడ్ ఫ్లవర్ వినండి. మాటలు అర్థం కాకపోయినా పరవాలేదు, సారాకీ కొన్ని అర్థం కాలేదు. రెండోసారి పెట్టినప్పుడు మేబెల్ బొటనవేలి మీద చెవి నిలపండి. తర్వాత డిఫర్డ్ బెయిలీ రైలు వినండి. ఆ పైన జాన్ హర్ట్. ఇంట్లో పెద్దవాళ్లుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. ఏదైనా పాట గుర్తొచ్చిందా అని అడగండి. వాళ్లు పాడుతుంటే ఫోన్లో రికార్డు చెయ్యండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ మనిషి పేరు, ఊరి పేరు కూడా వాళ్ల నోటితోనే చెప్పించండి.